మెహమూద్ సార్ పోస్టర్

అరవై రెండేళ్ల వయసులో డిజైన్ డిప్లొమాలో చేరిన మనిషిని చూసి నవ్వకుండా ఉండడం కష్టం. నాకే కష్టమైంది. మొదటి రోజు తరగతి గదిలో అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. పాఠం చెప్పడానికి వచ్చిన సార్ అనుకున్నారు. నేను వెనక బెంచీ దాకా నడిచి కూర్చున్న తర్వాతే వాళ్లు కూర్చున్నారు. పక్కనున్న పుష్ప అనే అమ్మాయి నా వైపు వంగి, "అంకుల్, రేపటి నుంచి జర మాకన్న ముందే వచ్చి కూసోండ్రి. లేసి నిలబడాలంటే మోకాళ్లు నొస్తున్నయి" అన్నది. ఆమెకు ఇరవై ఏళ్లు.

నేను చేరడానికి కారణం నా బిడ్డ సుచరిత. హాలియాలో నీటిపారుదల ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా భార్య సుమన పోయిన తర్వాత జడ్చర్లకు, బిడ్డ దగ్గరికి వచ్చాను. ఆమె ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంది. ఆమె డ్యూటీకి పోగానే నేను వంటింట్లో డబ్బాలు సర్దేవాణ్ణి. ఒక వారం ఎత్తు ప్రకారం, ఇంకో వారం మూతల రంగు ప్రకారం. మూడో వారం పసుపు డబ్బా దొరకక సుచరిత పొయ్యి బంద్ చేసి నా ముందు కూర్చున్నది.

"బాపూ, నీకు సర్దుడంటే ఇష్టం. ఆ సర్దుడేదో నేర్పే జాగాకు పో. నా వంటింటిని ఇడిసిపెట్టు."

అట్లా ఆమే వెతికి, ఆమే ఫారం నింపి, బస్సులో అరగంట దూరంలో ఉన్న విశ్వవిద్యాలయంలో నన్ను వేసింది. దాని పేరు రాయను. ఈ మనిషిని ఎందుకు చేర్చుకున్నామా అని వాళ్లు ఇప్పటికే చాలాసార్లు అనుకుని ఉంటారు.

మాకు పాఠం చెప్పే గ్రేస్ మేడమ్‌కు ముప్పై కూడా లేవు. హైదరాబాదులో చదువుకుని వచ్చింది. కాగితం మీద ఖాళీ జాగా చూసి భయపడొద్దు అనేది ఆమె మొదటి పాఠం. నాకది మింగుడు పడలేదు. మా ఆఫీసులో కాగితం మీద ఖాళీ వదిలితే తర్వాత ఎవడో ఒకడు అందులో ఏదో ఒకటి రాస్తాడని అడ్డంగా గీత కొట్టేవాళ్లం. ముప్పై ఏళ్లు ఖాళీలు కొట్టేసిన చేతికి ఖాళీ వదలడం నేర్పడానికి ఆమెకు ఒక సెమిస్టర్ పట్టింది. నేర్చుకున్నాక మాత్రం నేను ఆగలేదు. ఖాళీ అంటే ప్రాణం పెట్టాను.

రెండో సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థికి విశ్వవిద్యాలయంలోనే ఒక క్లయింట్‌ను ఇచ్చారు. వాళ్లకు ఒక పోస్టర్, ఒక వెబ్‌సైట్ పేజీ చేసిపెట్టాలి. చీటీలు తీస్తే పుష్పకు ఆటల విభాగం వచ్చింది. నాకు ఉర్దూ సర్టిఫికెట్ కోర్సు వచ్చింది.

ఆ కోర్సు నడిచేది పద్నాలుగో నంబరు గదిలో. పాఠం చెప్పేది జేబా మేడమ్. గంటల లెక్కన పని చేసే టీచర్, సన్నటి మనిషి. ఏం చెప్పినా అవతలి వాళ్లకు ఇబ్బంది అవుతుందేమో అన్నట్టు చెబుతుంది. కోర్సు సంగతి ఆమె వివరంగా చెప్పింది. మా దిక్కు చాలా ఇండ్లలో తాతల నాటి భూమి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఇనుప పెట్టెలో భద్రంగా దాచుకుంటారు గానీ ఇంట్లో ఒక్కరికీ చదవరాదు. ఆ కాగితాల రాత చదవడం ఆరు నెలల్లో నేర్పడమే ఈ కోర్సు. మొదలుపెట్టింది మెహమూద్ సార్. నలభై ఏళ్ల కింద డిగ్రీ కాలేజీలో ఉర్దూ చెప్పడం మొదలుపెట్టి, రిటైరైన తర్వాత కూడా వచ్చి ఊరికే పాఠం చెబుతున్నాడు.

"ఈసారి నాలుగు పేర్లే వచ్చినయి సార్" అన్నది జేబా మేడమ్. ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చూపించింది. శనివారం సాయంత్రం ఐదు లోపు ఇరవై మంది నమోదు కాకపోతే కోర్సు తీసేస్తారు. గది ఇంకెవరికో ఇస్తారు.

"మరి మీరు మేడమ్?"

"కోర్సు బంద్ అయితే నేను గూడ బంద్ సార్. ఇంట్ల ఇంక చెప్పలే."

ఆ మాట కూడా నాకు ఇబ్బంది అవుతుందేమో అన్నట్టే చెప్పింది.

అప్పుడే మెహమూద్ సార్ లోపలికి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మార్చి ఎండలో కూడా పొట్టి చేతుల స్వెటర్ వేసుకుని ఉన్నాడు. నా పేరు, పోస్టర్ సంగతి విని, "నా ముఖం చిన్నగ పెట్టుండ్రి అమరేందర్ సాబ్. పెద్దగ పెడితే ఓట్లడిగినట్టుంటది" అన్నాడు. ఆయన బయటికి పోగానే జేబా మేడమ్ గొంతు తగ్గించి, "పెద్దగనే పెట్టుండ్రి సార్. పాలమూరు నుంచి నల్లగొండ దాక ఆయన శిష్యులున్నరు. ముఖం చూస్తేనే ఆగుతరు" అన్నది.

మీకు బాగా నచ్చిన ఒక పోస్టర్ తీసుకుని, దాని కొలతలు గమనించి, ఆ తర్వాత మీ సొంతం చేయండి అని గ్రేస్ మేడమ్ చెప్పింది. నాకు బాగా నచ్చిన పోస్టర్ ప్రపంచంలో ఒక్కటే ఉంది. మూడేళ్ల కింద, సుమన సంవత్సరీకానికి హాలియాలో ఫ్లెక్సీ కొట్టుకు పోయి, కంప్యూటర్ ముందు కూర్చున్నతని పక్కనే స్టూలు వేసుకుని నాలుగు గంటలు కూర్చుని చేయించింది. ఫొటో రంగుల్లో ఉంటే ఆమె ఇప్పుడే పిలుస్తుందేమో అనిపించింది. నలుపు తెలుపు చేయమన్నాను. కోడిగుడ్డు ఆకారంలో చట్రం పెట్టమన్నాను. మేఘాలు వద్దన్నాను, సూర్యకిరణాలు వద్దన్నాను. అతను విసిగిపోయి, "సార్, మీరే నేర్చుకోరాదుండ్రి గీ పని" అన్నాడు. తిట్టే అయినా నేను మెప్పుగా తీసుకున్నాను. ఆ ఫైలు ఇప్పటికీ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది.

దాన్ని తెరిచి కొలతలు రాసుకున్నాను. పైన ఎంత ఖాళీ, ఫొటో ఎంత ఎత్తు, ఫొటో కింద సంవత్సరాలు ఎంత దూరంలో. సుమన ఫొటో ఉన్న చోట మెహమూద్ సార్ ఫొటో పెట్టాను. రెండు రంగులు మించొద్దని పాఠం కాబట్టి నలుపు తెలుపు చేశాను. చట్రం చుట్టూ జేబా మేడమ్ ఇచ్చిన పాత ఉర్దూ పుస్తకం అట్ట మీది పూల తీగ వేశాను. కింద ఆయన పాఠం చెప్పిన కాలం, 1984 – 2024 అని పెట్టాను. దాని కింద "నలభై ఏండ్ల అక్షర సేవ". తర్వాత బోలెడంత ఖాళీ. అట్టడుగున చిన్న అక్షరాల్లో కోర్సు పేరు. ఆ పక్కన కొంచెం పెద్దగా, శనివారం సాయంత్రం 5 గంటలు, గది నంబరు 14. "లోపు" అన్న మాట వరుసలో పట్టక తీసేశాను.

దీపం తీసేశాను, "శ్రద్ధాంజలి" అన్న మాట తీసేశాను. ఇంక దానికీ దీనికీ పోలికే లేదని నమ్మాను.

గ్రేస్ మేడమ్ స్కేలుతో కొలిచినట్టు చూసి, తరగతిలో ఇంత ఖాళీ వదలగల ధైర్యం ఒక్క అమరేందర్ గారికే ఉందన్నది. కోర్సు పేరు కొంచెం పెద్దగా చేయమన్నది. నేను వెంట్రుకవాసి పెంచాను. జేబా మేడమ్ బస్సులో నిలబడి ఫోన్‌లో చూసి, బాగుంది సార్ అని జవాబు పెట్టింది. పుష్ప ఒక్కతే నా తెర వైపు చాలాసేపు చూసింది.

"అంకుల్, సార్ మంచిగనే ఉన్నడు గదా?"

"మంచిగున్నడు. నిన్ననే కలిసి చాయ్ తాగినం" అన్నాను. ఎంత మర్యాద గల పిల్ల, పెద్దవాళ్ల ఆరోగ్యం అడుగుతుంది అనుకున్నాను.

సోమవారం అరవై పోస్టర్లు పోయాయి. జడ్చర్ల బస్టాండు, మహబూబ్‌నగర్, షాద్‌నగర్, కల్వకుర్తి, నల్లగొండ. వెబ్‌సైట్ పేజీలో కూడా అదే ఫొటో, అదే ఖాళీ. కింద ఒక ఫారం. పేరు, ఊరు, ఫోన్ నంబరు, "మీ మాట" అని ఒక గడి, "నమోదు చేయండి" అని ఒక మీట. జేబా మేడమ్ దాని లింకును పాత శిష్యుల వాట్సాప్ గ్రూపుల్లోకి పంపింది.

బుధవారం పొద్దున తరగతిలో ల్యాప్‌టాప్ తెరిస్తే నలభై మూడు నమోదులు. ఇరవై చాలన్న చోట నలభై మూడు. నేను కుర్చీలోంచి లేచాను. గ్రేస్ మేడమ్ అడక్కుండానే ముందుకు పోయి, మంచి డిజైన్ మనిషిని ఎలా కదిలిస్తుందో రెండు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఖాళీ జాగా గురించి కూడా ఏదో అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఉపన్యాసం ఇస్తుండగా పుష్ప నా ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టింది.

"అంకుల్, ఒక్కసారి ఇటు రాండ్రి" అన్నది మెల్లగా. నలుగురిలో చదవకుండా నన్ను పిలిచింది. ఆ పిల్ల చేసిన ఉపకారం నేను మరిచిపోను.

"మీ మాట" గడిలో మొదటిది, "సార్ లేని లోటు ఎవరూ తీర్చలేరు." రెండోది, "అల్లా ఆయన్ను మన్నించి జన్నత్ ఇవ్వాలని దుఆ చేస్తున్నం." మూడోది కల్వకుర్తి నుంచి గుర్వయ్య అనే ఆయన. "1991ల పరీక్ష నాడు బస్సు పోతే సార్ నన్ను సైకిల్ మీద ఎక్కించుకొని సెంటర్ల దింపిండు. ఎవరికి చెప్పొద్దన్నడు. ఇప్పుడు చెప్పొచ్చనుకుంట." ఏడోదో ఎనిమిదోదో, "శనివారం ఐదింటికి తప్పక వస్తం. భోజనాలు ఉంటయా?"

నేను కూర్చున్నాను. పెన్‌డ్రైవ్‌లోంచి సుమన ఫైలు తెరిచి, మెహమూద్ సార్ పోస్టర్ పక్కన పెట్టాను. పుష్ప రెండింటినీ చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"ఆంటీది మంచిగున్నది అంకుల్" అన్నది. కొంచెం ఆగి, "సార్‌ది గూడ మంచిగనే ఉన్నది. అదే కష్టమొచ్చింది" అన్నది.

మహబూబ్‌నగర్‌లో మెహమూద్ సార్ ఇంటికి పోవడానికి బస్సెక్కాను. దారిపొడుగునా ఆ బస్సు చెడిపోతే బాగుండనుకున్నాను. చెడిపోలేదు. ఇంటి ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. వాటిని దాటుకుని తలుపు కొట్టాను. తలుపు తీసింది సార్ భార్య ఖాదర్‌బీ.

"పోస్టర్ చేసింది నువ్వేనా అన్నా?"

"అవును ఆపా."

"పొద్దుగాల టెంటు హౌస్ ఆయన వచ్చి ఈ నాలుగు కుర్చీలు దించిండు. ఇంకెన్ని కావాలె అని అడిగిండు. నిన్నటి సంది తొమ్మిది మంది వచ్చిండ్రు. నన్ను చూసి ఏడుస్తరు, ఆయన్ను చూసి ఉరుకుతరు." ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. "లోపలికి రా. పోయిన మనిషి కూసోని ఇడ్లీలు తింటుండు."

సార్ నిజంగానే ఇడ్లీలు తింటున్నాడు. ఎదురుగా జేబా మేడమ్ తల దించుకుని కూర్చుని ఉంది. నేను చేతులు జోడించాను. ఏం చెప్పాలో ముప్పై వాక్యాలు తయారు చేసుకుని పోయాను, ఒక్కటీ రాలేదు.

"నా భార్య పోస్టర్ కొలతలు పెట్టిన సార్" అన్నాను చివరికి. "వేరే కొలతలు నాకు రావు."

ఆయన నమలడం ఆపి నా వైపు చూశాడు. తర్వాత తన పళ్లెంలోంచి ఒక ఇడ్లీ వేరే పళ్లెంలో వేసి నా ముందుకు జరిపాడు.

"తినుండ్రి. తిన్నంక వాళ్లు ఏం రాసిండ్రో చదువుండ్రి. నలభై మూడూ చదవాలె."

చదివాను. కొన్నింటికి నవ్వాడు. ఒక దానికి, "వీడు నా క్లాసుకే రాలే, ఇప్పుడు ఏడుస్తుండు" అన్నాడు. గుర్వయ్యది చదివినప్పుడు ఆగమన్నాడు.

"సన్నగుండేటోడు. సైకిల్ మీద కూసుంటే కూసున్నట్టే తెల్వలే. ఆ పరీక్ష పాసయిండో లేదో నాకు తెల్వదు."

"పాసయి ఉంటడు సార్. పేరు కింద హెడ్‌మాస్టర్ అని రాసిండు."

సార్ అద్దాలు తీసి స్వెటర్‌కు తుడుచుకున్నాడు.

అప్పుడు జేబా మేడమ్ నోరు తెరిచింది. "సార్, ఒక మాట. అందరూ నమోదు మీట నొక్కిండ్రు గదా. ఆఫీసుల నలభై మూడు అని రాసుకున్నరు. సూపరింటెండెంట్ ఫోన్ చేసి ముబారక్ గూడ చెప్పిండు." చేతిలోని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఉంది. "మనం ఏం అనకపోతే కోర్సు నడుస్తది."

ఆమె అన్నదాంట్లో తప్పు వెతకడానికి నాకు నోరు రాలేదు. నాకు పింఛను ఉంది, ఆమెకు పద్నాలుగో నంబరు గది తప్ప ఏమీ లేదు.

"బేటీ," అన్నాడు మెహమూద్ సార్, "సచ్చినోని పేరు మీద రేషన్ తిన్నట్టుంటది. పైగా ఆ సచ్చినోన్ని నేనే."

ఆమె తలూపింది. నా ముందే ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ పేర్లు ఇంక ఖాయం కాలేదు సార్, మళ్లీ చెప్త అన్నది. నలభై మూడు పోయి తిరిగి నాలుగు అయింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ఆ నలభై మూడు మందికీ నేనే ఫోన్ చేస్తానన్నాను. ఇంటికి పోయి, వెబ్‌సైట్ మీద ఫొటో కింద "సార్ క్షేమంగా ఉన్నారు, పాఠం చెబుతారు" అని పెద్ద అక్షరాలతో, ఖాళీ ఏమీ లేకుండా నింపి, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఒక మనిషి బతికే ఉన్నాడని చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఒక స్కూలు టీచరు కోపానికొచ్చింది. "మా బడిల రెండు నిమిషాలు మౌనం పాటిచ్చినం. ఇప్పుడు పిల్లలకేం చెప్పాలె?" ఒకాయన నమ్మలేదు, సార్‌తో మాట్లాడిస్తేనే నమ్ముతానన్నాడు. షాద్‌నగర్ నుంచి లింగస్వామి అనే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్, "దండకు చెప్పిన సార్. పెద్దది. ఇప్పుడు వద్దంటే పూలాయన ఊకోడు" అన్నాడు.

"దండ తీసుకొనే రాండ్రి. ఇంట్ల పాత ఉర్దూ కాగితం ఉంటే అది గూడ తీసుకరాండ్రి" అన్నాను.

రెండు రోజులు మాట్లాడాను. చాలామంది ఫోన్ పెట్టేసే ముందు, "మీరు తిన్నరా?" అని అడిగారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు. సుమన పోయిన ఈ నాలుగేళ్లలో ఆ మాట నా బిడ్డ తప్ప ఇంకొకరు అడిగిన గుర్తు లేదు. తిన్నానని చెప్పి, మళ్లీ కోర్సు సంగతి ఎత్తేవాణ్ణి. పదకొండు మంది నిజంగానే చేరతామన్నారు. నాలుగుతో కలిపి పదిహేను. నేనే చేరదామని ఆఫీసులో అడిగితే ఒక మనిషి ఒకేసారి రెండు కోర్సులు చేయరాదన్నారు. ఒక్క కోర్సులోనే ఇంత పని చేసి చూపించిన తర్వాత నాకూ అదే న్యాయం అనిపించింది.

శనివారం వచ్చింది. దగ్గర ఊళ్ల పోస్టర్లు నేనే తిరిగి పీకేశాను గానీ దూరం ఊళ్లలోవి ఉండిపోయాయి. మధ్యాహ్నం మూడున్నర నుంచి జనం రావడం మొదలైంది. ఫోన్ అందిన వాళ్లు నవ్వుతూ వచ్చారు. అందని వాళ్లు తెల్ల బట్టలు వేసుకుని, దండలు పట్టుకుని వచ్చి, గుమ్మంలో సార్‌ను చూసి కొయ్యబారిపోయారు. సార్ బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. దండ వెనక దాచుకోబోయిన వాళ్లను, "ఇటు తే" అని పిలిచి మెడలో వేయించుకున్నాడు.

"బతికుండంగ ఏసుకునుడే మంచిది. బరువు తెలుస్తది."

దండ తెచ్చిన వాళ్లు వెంటనే పోవడానికి మొహమాటపడి బెంచీల మీద కూర్చున్నారు. అందులో ఇద్దరు పేర్లు రాశారు. పదిహేడు. జేబా మేడమ్ కాగితం, పెన్ను ముందు పెట్టుకుని కూర్చుంది. గోడ గడియారం వైపు చూడకుండా ఉండడానికి ఆమె చేస్తున్న ప్రయత్నం నాకు కనిపిస్తూనే ఉంది. నేను అంతకన్నా ఎక్కువసార్లు చూశాను.

లింగస్వామి నిజంగానే పెద్ద దండ తెచ్చాడు. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతల దగ్గర చినిగిన ఒక పాత కాగితం. సార్ దాన్ని బల్ల మీద పరిచి, వేలు పెట్టి మొదటి వరుస చదివాడు. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. లింగస్వామి తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు. లింగస్వామి నోరు కొంచెం తెరుచుకుంది. సార్ అక్కడ ఆపి కాగితం మడిచి ఇచ్చేశాడు.

"మిగిలింది సార్?"

"మిగిలింది నువ్వే చదువు. సోమవారం నుంచి క్లాసు."

"ఇది మోసం సార్."

"అవును. అమరేందర్ సాబ్ కాడ నేర్చుకున్న."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆలస్యంగా. లింగస్వామి మాత్రం పేరు రాయలేదు. షాద్‌నగర్ దూరం, షిఫ్టు డ్యూటీ, మేనేజర్‌ను అడగాలి అంటూ ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి పోయాడు.

నాలుగూ నలభైకి ఖాదర్‌బీ వచ్చింది. సార్ ఇంట్లో మరిచిపోయిన బీపీ గోలీ తెచ్చింది. మెడలో ఆరు దండలతో ఉన్న భర్తను పైనుంచి కిందికి చూసింది. గోలీ బల్ల మీద పెట్టి జేబా మేడమ్ వైపు తిరిగింది.

"ఎంత మంది అయిండ్రు బిడ్డా?"

"పదిహేడు అమ్మీ."

"ఎవరైనా చేరొచ్చా?"

"చదువ, రాయ వస్తే చాలు."

"తెలుగుల వస్తే నడుస్తదా?"

"నడుస్తది."

ఆమె బెంచీ మీద కూర్చుని కాగితం తన వైపు లాక్కున్నది.

"నీకెందుకు?" అన్నాడు సార్. "ఉర్దూ నీకు వచ్చు గదా."

"మాట్లాడ వస్తది. ఖురాన్ చదువుడు మా అమ్మ నేర్పింది. కోడి గీకినట్టున్న ఈ కాగితాల రాత నాకెవరు నేర్పిండ్రు? నలభై ఏండ్ల సంది ఊరందరికి నేర్పినవు. నేను చాయ్ అందిచ్చిన."

సార్ దండలు సర్దుకున్నాడు. ఆమె తల ఎత్తకుండా పేరు రాస్తూనే ఉంది, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో.

"నిన్న మొన్న మంది వచ్చి నువ్వు లేవన్నరు. అబద్ధమని తెలుసు, లోపల నీ దగ్గు వినపడుతనే ఉన్నది. అయినా అప్పటి సంది ఆలోచన వట్టింది. పెట్టె నిండ నీ కాగితాలున్నయి, పుస్తకాలల్ల పక్కపొంటి నువ్వు రాసుకున్న రాతలున్నయి. నువ్వు లేకుంటే అవన్ని నాకేం చెప్తయి?"

నేను కిటికీ వైపు చూశాను.

గుమ్మం దగ్గర లింగస్వామి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అమ్మ చేరినంక నేను షాద్‌నగర్ దూరమంటే బాగుండది" అని వచ్చి పేరు రాశాడు. ఇంతలో ఒక నడివయసు మనిషి చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఇప్పుడు సన్నగా లేడు. "కల్వకుర్తి బస్సు ఆలిశం అయింది సార్" అన్నాడు. మెహమూద్ సార్ లేచి నిలబడ్డాడు. "ఈసారి గూడ బస్సు పోగొట్టుకున్నవా గుర్వయ్యా?" అన్నాడు. గుర్వయ్య కోర్సు దేని గురించో కూడా అడగకుండా పేరు రాశాడు. ఆయన్ను చూసి వెనక బెంచీలో మొహమాటంగా కూర్చున్న ఇంకో ఇద్దరు కూడా లేచారు.

ఇరవై రెండు పేర్ల కాగితం పట్టుకుని జేబా మేడమ్ ఆఫీసు వైపు పోయింది. ఐదుకు ఇంకా ఆరు నిమిషాలుంది. ఉరకలేదు. నీళ్లు నిండిన గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వరండా పొడుగునా నడిచింది. తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "తీసుకున్నరు" అన్నది. ఆ తర్వాత కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి, కూరలో ఉప్పు ఎంత వేయాలో చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు.

గ్రేస్ మేడమ్ నాకు ఖాళీ జాగాకు పదికి తొమ్మిది వేసింది. మిగతా విషయం గురించి ఇప్పుడే మాట్లాడలేనన్నది. పోస్టర్ మళ్లీ చేయమన్నది, ఈసారి రంగుల్లో.

అందుకే సోమవారం సాయంత్రం ఫొటో తీయడానికి పద్నాలుగో నంబరు గదికి పోయాను. ఇరవై రెండు మంది కూర్చుని ఉన్నారు. ఖాదర్‌బీ కొత్త నోటుపుస్తకంతో రెండో బెంచీలో చివర కూర్చుంది. జేబా మేడమ్ హాజరు పుస్తకం తెరిస్తే, మొదటి రోజు నేను పిలుస్తానని మెహమూద్ సార్ తీసుకున్నాడు. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కరూ హాజిర్ అంటున్నారు. లింగస్వామి గట్టిగా అన్నాడు. గుర్వయ్య బడిపిల్లవాడిలా లేచి నిలబడి అన్నాడు.

పద్దెనిమిదో పేరు దగ్గర సార్ ఆగాడు. ఆయన తరం వాళ్లు భార్యను పేరు పెట్టి పిలవరు. ఇంట్లో ఆయన ఆమెను "వింటున్నవా" అని పిలవడం నేను విన్నాను. గొంతు సవరించుకున్నాడు. పుస్తకంలోకే చూస్తూ, "ఖాదర్‌బీ" అన్నాడు.

ఆమె పెన్ను మూత తీసి, పక్కన పెట్టి, తల పైకెత్తింది.

"వినపడలేదు సార్. ఇంకోసారి పిలువుండ్రి."

ఆయన ఇంకోసారి పిలిచాడు.